పుటల నడుమ రంగుటద్దం

చదివినంత మేర పుస్తకంలో గుర్తు పెట్టుకోవడానికి మన ఇళ్ళలో ప్రత్యేకమైన వస్తువంటూ ఉండేది కాదు. బస్సు టిక్కెట్టు, శుభలేఖ ముక్క, నెమలీక. ఏదీ దొరకకపోతే పుట మూల మడత. నెమలీక పిల్లలు పెడుతుందని నమ్మి రోజూ తీసి చూసినవారు మన సంస్థలో ఎందరు ఇంజనీర్లుగా ఉన్నారో!

ఇటీవల మా అమ్మాయి జనక్‌పురి దిల్లీ హాట్‌లో ఇత్తడి పుటగుర్తు ఒకటి కొన్నది. చర్చి కిటికీల రంగుటద్దాల నమూనా. నేను మొదట చేసిన పని దాని మందాన్ని కొలవడం, వృత్తిధర్మం. మిల్లీమీటరులో సగమైనా లేదు. ఇటువంటి రేకుపై కాంతికి స్పందించే పూత పూసి, నమూనాను ముద్రించి, ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణంలో ముంచుతారు. పూత లేనిచోట రాగి, తుత్తునాగం కరిగిపోయి గీతల వల మిగులుతుంది. వల కన్నుల్లో రంగు నింపుతారు.

అసలు కిటికీలో ఆ నల్లని గీతలు అలంకారం కావు. రంగురంగుల గాజు ముక్కలను సీసపు పట్టీల గాడిలో ఇమిడ్చి, కీళ్ళను టంకంతో అతుకుతారు. గాజును నిలబెట్టేది ఆ అస్థిపంజరమే. ఇత్తడి రేకులో వాటికి మోయవలసిన బరువేమీ లేదు. అయినా శిల్పి వాటిని వదలలేదు.

ఈ వస్తువు మా అమ్మను కదిలించింది. ఆమె పుట్టిల్లు మెదక్. అక్కడి కథీడ్రల్ 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమైంది. లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపకల్పన చేసిన మూడు కిటికీలు 1927, 1947, 1958 సంవత్సరాలలో ఒక్కొక్కటిగా అమరాయి. మూడవది వచ్చేనాటికి అమ్మకు పన్నెండేళ్ళు. బయట ఎండ ఉన్నంతసేపే లోపల రంగులుంటాయనీ, పొద్దు గుంకితే అద్దం నల్లబడుతుందనీ ఆమె నాకు చిన్ననాడే చెప్పింది.

రెండేళ్ళుగా అమ్మ కంటిపొర మధ్యభాగం దెబ్బతిన్నది. పోయిన చూపు తిరిగి రాదని వైద్యులు స్పష్టంగా చెప్పారు. భాగవతం చాలావరకు కంఠస్థమే. కాని పుస్తకం ఒడిలో లేనిదే ఆమెకు పారాయణ కాదు. తెల్ల కాగితంలో తెల్ల చీటీ ఆమెకు కనబడదు, జారిపోతుంది. ఇత్తడి గీతలు రంగుకంటె కొంచెం ఉబ్బెత్తుగా ఉన్నందున వేలికి తగులుతాయి. పుట తానే తెరుస్తుంది. మనుమరాలు అక్కడినుంచి చదువుతుంది.

ఇత్తడి తేమకు చిలుమెక్కి పాత కాగితంపై పచ్చని మరక వేస్తుంది కనుక రెండు వైపులా పలుచగా వార్నిషు పూశాను. గీతలు పూడిపోకుండా పూయడం కొంత శ్రమే.

ఒక సాయంత్రం ఆమె దానిని దీపం వైపు ఎత్తి, "నీలం ఏడున్నదిరా?" అని అడిగింది. ఆమె వేలు పట్టి పైనుంచి మూడవ గడిమీద ఉంచాను. "మెదక్‌ల ఇంకా ముదురు నీలం" అన్నది. ప్రస్తుతం పుటగుర్తు అష్టమ స్కంధంలో, గజేంద్రమోక్షం దగ్గర ఉన్నది.