పాత పెట్టెలో మిగిలిన లెక్క

పాత కంప్యూటరును చంకన పెట్టుకొని మా దుకాణానికి వచ్చేవారు అడిగేది దాదాపు ఒకటే: ‘దీన్ని బాగు చేయిస్తే లాభమా, కొత్తది కొనుక్కోవడం మేలా?’ గుంటూరులో ఈ మరమ్మతు దుకాణాన్ని అన్నదమ్ములం ఇద్దరం నడుపుతున్నాము. జవాబు చెప్పే ముందు మేము రెండు విషయాలు అడుగుతాము. దీనితో మీకు ఏ పని కావాలి? దీనిలో మీవి ఏమేమి ఉన్నాయి? మొదటిదానికి వెంటనే జవాబు వస్తుంది. రెండవది అడిగినప్పుడు చాలామంది ఆలోచనలో పడతారు.

మూత తెరిచిన తరువాత లోపం ఎక్కడ ఉందో మాకు తెలుస్తుంది, ఎదుట నిలుచున్నవారికి తెలియదు. తేదీ, సమయం పదేపదే తప్పుతుంటే తరచు నాణెమంత బ్యాటరీ మారిస్తే సరిపోతుంది. వేడెక్కి ఆగిపోతుంటే ఫ్యానుకు పట్టిన దుమ్మే కారణం కావచ్చు. ఇంత చిన్న పనికి ‘బోర్డు పోయింది’ అని చెప్పి వేలు తీసుకోవడం సులభమే. అటువంటి సంపాదన హలాల్ కాదు. పదేళ్ళు దాటిన యంత్రంలో మదర్‌బోర్డు నిజంగానే పోతే మాత్రం, మా పని పోయినా సరే, వద్దనే చెబుతాము. దానికి దొరికేది కూడా ఎవరో వాడి తీసిన బోర్డే.

గత శీతకాలంలో ఒక సోదరి తన భర్త వాడిన డెస్క్‌టాప్‌ను ఆటోలో తెచ్చారు. బట్టల వ్యాపారం చేసిన ఆయన మరణించి అప్పటికి నాలుగు నెలలు. ‘మా అమ్మాయి డిగ్రీలో చేరింది భాయ్. బాగవుతుందంటే చేయండి, లేకుంటే పాత సామానుకు వేసేస్తాను’ అన్నారామె. ఆన్ చేయగానే హార్డ్ డిస్కు నుండి టక్కు టక్కుమని శబ్దం వచ్చింది. వెంటనే కరెంటు తీసివేశాము. అటువంటి డిస్కును మళ్ళీ మళ్ళీ నడిపితే, లోపల తిరిగే పళ్ళెం గీరుకుపోయి ఉన్న సమాచారం కూడా పోవచ్చు.

‘దీనిలో ఏమున్నాయి ఆపా?’ అని అడిగాము.

‘ఫోటోలన్నీ ఫోనులో ఉన్నాయి’ అని, కొంచెం ఆగి, ‘ఆయన బాకీల లెక్క మాత్రం దీనిలోనే రాసుకునేవారు’ అన్నారు.

వారసుల వాటాలకంటే ముందు మృతుని అప్పులు తీర్చవలసి ఉంటుందని ఈ పత్రిక పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. ఆ పెట్టె ధర ఎంత అన్న ప్రశ్న అక్కడితో వెనుకకు పోయింది. డిస్కును విప్పి బాగుచేసే సాధనాలు మా వద్ద లేవనీ, దుమ్ము చొరని ప్రత్యేక గదులున్న చోటికి పంపితే ఖర్చు చాలా ఎక్కువనీ, అయినా హామీ ఉండదనీ ముందే చెప్పాము. మేము ఒక ప్రయత్నం చేయగలము, అందులో డిస్కు పూర్తిగా ఆగిపోయినా పోవచ్చు అని కూడా చెప్పాము. ఆమె ఒప్పుకున్న తరువాతే దానిని మరో కంప్యూటరుకు తగిలించి, మిగిలినవన్నీ వదిలి, ఆ ఒక్క ఫోల్డరును ముందుగా పెన్‌డ్రైవులోకి ఎక్కించాము. మరికొన్ని నిమిషాలకు డిస్కు ఆగిపోయింది, మళ్ళీ కదలలేదు.

ఫైలును ఆమె చేతనే తెరిపించాము. లెక్కలు మేము చూడవలసినవి కావు. చాలాసేపు చదివి, ‘ఇద్దరి పేర్లు మేము విననేలేదు భాయ్’ అన్నారు.

ఇక అమ్మాయి చదువు సంగతి. బోర్డు బాగానే ఉంది కనుక చిన్న ఎస్ఎస్‌డి వేశాము. అంత పాత ప్రాసెసరుకు విండోస్ 11 అధికారికంగా కుదరదు. విండోస్ 10 సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అందువలన ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కించాము. టైపింగుకు, పాఠాలు వినడానికి అది చాలు. ఆ అమ్మాయి వీడియోల ఎడిటింగు నేర్చుకుంటానని అని ఉంటే, ఆ పెట్టె మీద ఒక్క రూపాయి కూడా పెట్టవద్దనే చెప్పేవాళ్ళము.

ఆగిపోయిన డిస్కును కాగితంలో చుట్టి ఆమెకే తిరిగి ఇచ్చాము. పాత సామానుకు వేసే ముందు దానికి రంధ్రాలు కొట్టించమన్నాము. ప్రస్తుతానికి బీరువాలోనే ఉంచుతానన్నారు.