వాకిటి కుక్క – వనంలోని దుప్పి

హైదరాబాదు నగరానికి పడమటి దిక్కున, గచ్చిబౌలిలో, 1974లో నెలకొన్న కేంద్రీయ విశ్వవిద్యాలయ ప్రాంగణం ఉంది. బండరాళ్లు, పొదలు, నీటిమడుగులు, వాటి మధ్య చుక్కల దుప్పులు – ఇప్పటికీ అడవి జాడ చెరగని నేల అది. నగరాన్ని ఆనుకొని ఉన్న ఇటువంటి చోట్ల వేకువనే నడకకు బయలుదేరిన మనిషి, అతని చేతిలోని గొలుసు చివర పెంపుడు కుక్క, ఎదుట పచ్చికలో దుప్పుల మంద ఒకరికొకరు తారసపడుతూ ఉంటారు. మనిషికి ఆ దృశ్యం కన్నులపండువ. కుక్కకు అది వేట. దుప్పికి చావుబ్రతుకుల సమస్య.

దుప్పి మొదట మేత మానుతుంది. రెండు చెవులూ ఒకే దిక్కుకు మళ్లుతాయి. ముంగాలు ఎత్తి నేలను తడుతుంది. తోక నిక్కి, దాని అడుగునున్న తెలుపు కనబడుతుంది. ఆ వెంటనే ఒక పదునైన కూత! మంద యావత్తూ తల ఎత్తుతుంది. మనిషి ఒంటరిగా వస్తే కొంత దూరం తొలగి నిలిచే దుప్పి, అతని వెంట కుక్క ఉన్నప్పుడు మరింత ముందుగానే తొలగిపోతుంది. ఆ కుక్క మెడలో మువ్వలున్నా, ఇంట్లో దానికి ముద్దుపేరున్నా, పిల్లలు దాని వీపునెక్కి ఆడుకుంటున్నా దుప్పికి నిమిత్తం లేదు. అడవులలో తరతరాలుగా దుప్పుల వెంటబడి తరుముతున్న రేచుకుక్కలకు ఇది దాయాది. వాసన ఆ చుట్టరికాన్ని దాచదు.

అంతమాత్రాన దుప్పికి అన్యజాతితో పొత్తు చేతకాదనుకోరాదు. కొండముచ్చులు చెట్టుమీద మేస్తూ జారవిడిచే ఆకులనూ కాయలనూ అది కింద చేరి తింటుంది. పులి అలికిడి విన్న కొండముచ్చు పైనుండి హెచ్చరిస్తే దుప్పి ఆ మాట నమ్ముతుంది. ఎవరిని నమ్మాలో, ఎవరిని నమ్మరాదో అడవి దానికి నేర్పిన చదువు అది.

ఇక కుక్క సంగతి. వేల సంవత్సరాలుగా మనిషి పంచన పెరిగినా దాని రక్తంలో తోడేలు పూర్తిగా నిద్రపోలేదు. వెదకడం, గురిచూడడం, తరమడం, కరవడం – ఈ వరుసలో కొన్నింటిని మనిషి తన అవసరం కొద్దీ పెంచాడు, కొన్నింటిని అణచాడు. గొర్రెలను కాచే కుక్కకు తరమడం ఉంది, చంపడం లేదు. కడుపునిండా పాలన్నం తిన్న కుక్క సైతం ఎదుట ఏదైనా పరుగెత్తితే ఆగలేదు. పులి ఆకలిగొన్నప్పుడు వేటాడుతుంది; ఇంటి కుక్కకు ఆ ఆకలి అవసరం లేదు. అది దానికి ఆట.

ఆ ఆటలో పంటిగాటు పడకపోయినా దుప్పి దక్కుతుందన్న నమ్మకం లేదు. ప్రాణభయంతో శక్తికి మించి పరుగెత్తిన జింకజాతి జంతువుల కండరాలు లోలోపల దెబ్బతింటాయి. వాటినుండి వెలువడే విషపదార్థాలు మూత్రపిండాలను, గుండెను కుంగదీస్తాయి. తరిమిన కుక్క ఇంటికి చేరి తోక ఊపుతూ ఉండగా, తప్పించుకొన్నదనుకొన్న దుప్పి కొన్ని గంటలకో, కొన్ని దినాలకో పొదలో నేలకూలవచ్చు. కుక్క యజమానికి ఈ వార్త చేరదు.

పిల్లితో దుప్పికి ఇంత వైరం లేదు. ఆ చిన్న ప్రాణిని మెడ చాచి వింతగా చూస్తుంది. అయితే పిల్లను ఈనిన తల్లి వేరు. ఉత్తర అమెరికాలో జింకలు ఊళ్ల మధ్యనే ఈనే చోట్ల, ఈత కాలంలో తల్లిజింక పెంపుడు కుక్కమీదికి తానే వచ్చి ముంగాళ్లతో తొక్కుతుంది. సాధుజంతువన్న పేరు దానికి మనం పెట్టినదే.

చైనా దేశపు తాంగ్ యుగంలో లియు జోంగ్యువాన్ (773–819) అనే రచయిత ఉండేవాడు. లిన్‌జియాంగ్ వాసి ఒకడు వేటలో చిక్కిన జింకపిల్లను ఇంటికి తెచ్చిన కథ ఆయన చెప్పాడు. దానిని చూడగానే ఇంటి కుక్కలు నోరూరి ముసురుకొన్నాయి. యజమాని అదలించాడు. నాటినుండి ప్రతిదినం పిల్లను చంకనెత్తుకొని కుక్కలకు చూపుతూ, ముట్టరాదని నేర్పాడు. క్రమంగా అవి దానితో ఆడుకోసాగాయి. పిల్ల పెరిగింది. తాను జింకనన్న సంగతి మరచింది. కుక్కలను ఢీకొంటూ, వాటితో పొర్లుతూ, అవి తన నేస్తాలేనని నమ్మింది. యజమానికి వెరచి కుక్కలు ఒద్దికగానే ఉండేవి, అయితే నడుమ నడుమ నాలుక చప్పరించేవి. మూడేళ్లు గడిచాయి. ఒకనాడు జింక వాకిలి దాటింది. వీధిలో పరాయి కుక్కల గుంపు కనిపించగా ఆడుకుందామని సంబరంగా ఎదురేగింది. అవి దానిని చంపి తిన్నాయి. ఎందుకు చచ్చిపోతున్నదో ఆ జింకకు చివరిదాకా బోధపడలేదు.

పరుల బలాన్ని తమ బలమనుకొనే మనుషులను హెచ్చరించడానికి ఆయన ఈ కథ చెప్పాడు. అయితే ఆ నాలుక చప్పరింపు కుక్కలను దగ్గరగా చూచినవాడు మాత్రమే వ్రాయగలిగినది.

మన భాగవతంలోని భరతుడు ఈ విషయంలో ఎక్కువ ఎరుక గలవాడు. (ఆంధ్ర మహాభాగవతమంతా పోతన రచనే అనుకొనేవారు చాలామంది, ఈ కథ ఉన్న పంచమ స్కంధం గంగన తెనిగించినది.) తల్లిని కోల్పోయి నీట కొట్టుకుపోతున్న లేడిపిల్లను ఆ రాజర్షి కాపాడాడు. దర్భలకూ సమిధలకూ అడవికి వెళ్లేటప్పుడు తోడేళ్లవంటి వేటజంతువులకు జడిసి దానిని వెంటబెట్టుకొని పోయేవాడని మూలం చెబుతుంది. తాను చెంత లేని క్షణాన దానికేమవుతుందో ఆయనకు తెలుసు. ఆ బెంగతోనే కన్నుమూసి మరుజన్మలో లేడియై పుట్టాడు.

అడవి అంచు పల్లెలలో నేటికీ గడ్డిదుబ్బులో ఒంటరిగా పడుకొన్న దుప్పిపిల్ల అప్పుడప్పుడు జనుల కంటబడుతుంది. అనాథ అని జాలిపడి ఇంటికి తెచ్చి, సీసాతో పాలుపట్టి, వాకిటి కుక్క పక్కన పెంచాలని చూస్తారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దీనికి ఒప్పుకోదు. చాలా సందర్భాలలో అది అనాథ కూడా కాదు. తల్లే దానిని నాకి, వాసన తగ్గించి, కదలకుండా అక్కడ దాచి మేతకు వెళ్లి ఉంటుంది. దగ్గరలో మనిషిగాని కుక్కగాని నిలిచి ఉన్నంతసేపు అది చాటునుండి వెలికిరాదు. కుక్కను గొలుసుపట్టి వెనుకకు మళ్లించి మనిషి ఆ దారి విడిచిపోతే, మాటుమణిగిన తరువాత తల్లి ఆ దుబ్బు చెంతకు వస్తుంది. పిల్ల తడబడుతూ లేచి పాలు కుడుస్తుంది.