అమ్మ మూటలో ఉన్నవి పండ్లేనా?



ఈ నెల మన గోడపత్రికకు సైన్సు వ్యాసం రాసే వంతు నాది. "ఫలములు - వర్గీకరణ" అని పెద్దక్షరాలతో రాసి, పుస్తకంలో ఉన్నది దింపేద్దామనుకున్నాను. రెండు పేరాలు రాశాక చింపేశాను. ఎందుకంటే ఆ పాఠం నేను పుస్తకంలో నేర్చుకోలేదు, మా అమ్మ తెచ్చిన మూటలో నేర్చుకున్నాను. ఆ సంగతి దాచిపెట్టి పాఠం ఒక్కటే రాస్తే సగం అబద్ధం రాసినట్టే కదా!

పోయిన మార్చి నెలలో, ఒంటిపూట బడులు మొదలైన వారం, మా అమ్మ నన్ను చూడ్డానికి వచ్చింది. మా ఊరు సీతంపేట దగ్గర కొండ మీద. అక్కణ్ణించి కాలిబాటన దిగి, రోడ్డు మీద బస్సెక్కి రావాలి. పాతచీర ముక్కలో మూట కట్టుకొచ్చింది. అందులో పిక్కలతో సహా కోసిన జీడిమామిడి పండ్లు, చింతకాయలు, ఒక లేత పనసకాయ, నాలుగు మేడిపండ్లు, కాస్త ఇప్పపువ్వు ఉన్నాయి. దారిలో జీడిపండ్లు నలిగి, రసం కారి, మూటంతా మరకలైంది. ఆ వాసన మీకందరికీ తెలుసు. పక్కన కూర్చున్న వాళ్ళ నాన్న బేకరీ నుంచి కేకు తెచ్చాడు. వాళ్ళు మా మూట చూసి ముక్కు మూసుకున్నారు.

నాకు తల తీసేసినట్టయింది. "ఇంకెప్పుడూ ఇలాంటివి తేకమ్మా, నలుగురిలో నవ్వుతున్నారు" అన్నాను. అమ్మ ఏమీ అనలేదు. నా జడ సరిచేసి, "బస్సుకి టైమైపోతంది" అని లేచి వెళ్ళిపోయింది.

మూటను ట్రంకుపెట్టె వెనక దాచాను. కానీ వాసన దాగుతుందా? మర్నాడు పొద్దున్నే సైన్సు టీచరుగారు డార్మెటరీ చూడ్డానికి వచ్చి, "ఎవరిదర్రా ఈ మూట?" అన్నారు. భయపడుతూ నాదేనన్నాను. తిడతారనుకుంటే, దాన్ని క్లాసుకు తెమ్మన్నారు.

టేబుల్ మీద కాగితాలు పరిచి అన్నీ వరసగా పెట్టి, "వీటిలో పండు ఏది?" అని అడిగారు. అందరూ జీడిపండు చూపించారు. ఎర్రగా, మెత్తగా, రసంతో ఉంది మరి! "మీరు చూపించింది తప్ప చివర వేలాడే పిక్కే ఫలం" అన్నారు టీచరుగారు. క్లాసంతా నవ్వేశాం.

అప్పుడు బోర్డు మీద ఒక పువ్వు బొమ్మ గీశారు. వృక్షశాస్త్రజ్ఞులు తీపిని బట్టి, రంగును బట్టి పండు అవునా కాదా తేల్చరట. అది పువ్వులో ఏ భాగం నుంచి వచ్చిందో చూస్తారట. పువ్వు అడుగున అండాశయం ఉంటుంది. ఫలదీకరణం తరువాత అండాశయం పెరిగితే ఫలం, అందులోని అండాలు విత్తనాలు. మనం పచ్చిదాన్ని కాయ అంటాం, మగ్గితే పండు అంటాం. శాస్త్రానికి రెండూ ఫలమే. కాబట్టి వంకాయ, బెండకాయ, బీరకాయ, టమాటా అన్నీ ఫలాలే. 1893లో అమెరికా సుప్రీంకోర్టు, దిగుమతి పన్ను వెయ్యడానికి టమాటాను కూరగాయగానే లెక్కించాలని తీర్పు చెప్పిందట. శాస్త్రం ప్రకారం ఫలమని తెలిసీ, జనం కూరలో వేసుకుంటారు కదా అని అలా తీర్పిచ్చారట.

జీడిమామిడిలో అండాశయం పెరిగి పిక్క అవుతుంది. మనం చప్పరించే ఎర్రటి భాగం పువ్వు కాడ ఉబ్బినది. అండాశయం కాకుండా వేరే భాగం ఉబ్బి పండులా కనిపిస్తే దాన్ని అనృత ఫలం అంటారు. యాపిల్ కూడా అలాంటిదే. దానిలో తినే కండ ఎక్కువగా పుష్పాసనం నుంచి వచ్చినది.

తరువాత చింతకాయ విరిచారు. ఒక పువ్వులో ఒక్క అండాశయం నుంచి ఒక ఫలం వస్తే అది సరళ ఫలం. చింత, మామిడి, టమాటా ఇవన్నీ సరళ ఫలాలే. ఫలం గోడలో పొరలుంటాయి. మామిడికి పై తొక్క ఒక పొర, తినే గుజ్జు రెండో పొర, టెంక మూడో పొర. విత్తనం ఆ టెంక లోపల ఉంటుంది. కొబ్బరికాయ కూడా మామిడి జాతి ఫలమేనట! అక్కడ గుజ్జు బదులు పీచు, టెంక బదులు చిప్ప. టమాటా, వంకాయల్లో టెంక ఉండదు, కనుక అవి మృదుఫలాలు. చింత, కంది, చిక్కుడు ఒకే కుటుంబం. కందికాయ ఎండితే పగిలి గింజలు చిమ్ముతుంది, చింతకాయ పగలదు. వేరుశనగ కూడా ఆ కుటుంబమే. పువ్వు నేల పైన పూస్తుంది, తరువాత ఊడ మట్టిలోకి దిగి అక్కడ కాయ కాస్తుంది. కనుక అది దుంప కాదు, ఫలం.

వడ్లగింజ కూడా ఫలమేనని చెప్పారు. దానిలో ఫలం తొక్క విత్తనానికి అంటుకుపోయి ఉంటుంది, విడదీయలేం. వెంటనే వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి, "అయితే టీచర్, శనివారం ఉపవాసం ఉన్నవాళ్ళు అన్నం తిన్నా ఫలాహారమేనా?" అని అడిగింది. టీచరుగారు కూడా నవ్వాపుకోలేకపోయారు.

సీతాఫలం ఆ కాలంలో దొరకదు కాబట్టి బొమ్మ గీసి చూపించారు. ఒకే పువ్వులో చాలా అండాశయాలుండి, అన్నీ పెరిగి ఒకటిగా కలిస్తే సంకలిత ఫలం. సీతాఫలం మీద ఉబ్బెత్తుగా కనిపించే కన్నులు అవే.

పనసకాయ కోసినప్పుడు మాత్రం నేను ముందుకెళ్ళి నిలబడ్డాను. కత్తికి నూనె రాసుకోవాలని చెప్పింది నేనే! పనస ఒక పువ్వు నుంచి వచ్చేది కాదు. ఒక పూగుత్తి మొత్తం కలిసి ఒక కాయ అవుతుంది. దాన్ని సంయుక్త ఫలం అంటారు. పైన ఒక్కొక్క ముల్లు ఒక్కొక్క పువ్వు గుర్తు. లోపల ఒక్కొక్క తొన ఒక పువ్వు కాసినది. తొనల మధ్య మనం తీసి పారేసే పీచు, కాపు పట్టని పువ్వులు. మేడిపండు కూడా సంయుక్త ఫలమే. మేడిచెట్టు పువ్వు ఎవరూ చూడలేదంటారు మా ఊళ్ళో. చూడలేం, ఎందుకంటే పువ్వులన్నీ కాయ లోపలే ఉంటాయి. కాయ చివర చిన్న కన్నం లోంచి చిన్న కందిరీగలు దూరి పుప్పొడి చేరవేస్తాయి. మేడిపండులో పురుగులని మనం చీదరించుకుంటాం. అవి లేకపోతే ఆ చెట్టుకి విత్తనమే లేదు.

ఇప్పపువ్వు చేతిలోకి తీసుకుని, "ఇది మాత్రం పేరుకు తగ్గట్టే పువ్వు. రాలిన పూరేకుల గొట్టమే మనం ఏరేది. కాయ తరువాత వస్తుంది, దాని గింజల్లో నూనె ఉంటుంది" అన్నారు. గంట కొట్టాక, "1788లో జోసెఫ్ గార్ట్నర్ అనే జర్మనీ శాస్త్రజ్ఞుడు ఫలాలు, విత్తనాల మీద పెద్ద పుస్తకం అచ్చువేశాడు. వెయ్యికి పైగా మొక్కల ఫలాలు కోసి చూశాడు. ఇవాళ మనం ఐదు చూశాం. ఇవి తెచ్చినావిడకి నా తరఫున థాంక్స్ చెప్పు" అన్నారు నాతో.

చెబుదామని ఆదివారం కోసం కాచుకుని కూర్చున్నాను. అమ్మ రాలేదు. నాన్న వచ్చాడు. చేతిలో మూట లేదు. అంగట్లో కొన్న బిస్కెట్ల ప్యాకెట్లు రెండు నా చేతిలో పెట్టి, "మీ యమ్మ పిక్కలమ్మి కొనమంది. నీకు సిగ్గవుతందని రాలేదు" అన్నాడు. ఆ బిస్కెట్లు నాకు గొంతు దిగలేదు.

వేసవి సెలవుల్లో ఇంటికెళ్ళాక, జీడితోటలో పిక్కలు ఏరుతూ మొత్తం చెప్పాను. టీచరుగారి థాంక్స్ కూడా చెప్పాను. నా తప్పు మాత్రం నోటితో చెప్పలేకపోయాను. పిక్కే ఫలమనీ, పండు వట్టి కాడ అనీ గొప్పగా వివరించాను. అమ్మ ఆశ్చర్యపోతుందనుకున్నాను. ఆమె ఒక కొమ్మ వంచి చూపించింది. దాని చివర పచ్చటి పిక్క పెద్దదిగా ఉంది, పైన కాడ ఇంకా సన్నగానే ఉంది.

"సూడు. ముందు పిక్కే పెరుగుద్ది. అది ఎదిగినాకే కాడ ఉబ్బుద్ది. దీనికి పుస్తకమెందుకే? నువ్వు చిన్నప్పటి నుంచీ ఈ చెట్టు కిందే ఆడినావు కదా, సూళ్ళేదేటి?"

నిజంగానే చూడలేదు. ప్రతి యేడూ తిన్నాను, ఏరాను, అమ్మాను. చూడలేదు. బోర్డు మీద బొమ్మ గీస్తే గానీ నమ్మని సంగతి, అక్షరం రాని మా అమ్మ కొమ్మ మీద ఎన్నాళ్ళ నుంచో చూస్తూనే ఉంది. అప్పుడు నోరు తెరిచి, "మూట మళ్ళీ తేవే అమ్మా" అన్నాను. "తెస్తాలే" అంది, కొమ్మ వదిలేసి.

మొన్న ఆదివారం తెచ్చింది. ఈసారి అనాసపళ్ళు. వాసన డార్మెటరీ అంతా నిండింది. అనాస కూడా పనసలాగ సంయుక్త ఫలమే, ఒక్కొక్క కన్ను ఒక్కొక్క పువ్వు అని నేనే అందరికీ కోసి చూపించాను. అమ్మ పక్కనే కూర్చుని విని, "మరి పిక్కేదే? పిక్క లేనిది పండెలా అయ్యింది?" అంది. నాకు జవాబు రాలేదు. టీచరుగారిని అడిగితే, కొన్ని మొక్కల్లో ఫలదీకరణం జరక్కుండానే ఫలం పెరుగుతుందనీ, వాటిని అనిషేక ఫలాలంటారనీ, మనం తినే అరటి కూడా అలాంటిదేననీ చెప్పారు. అందుకే అనాసను పిలకలతో నాటుతాం.

మిత్రులారా! ఈ గోడపత్రిక కింద ఒక తెల్లకాగితం అంటించాను. మీ ఊరి నుంచి వచ్చే మూటల్లో ఏముందో దాని పేరు, మీ ఇంటిభాషలో పిలిచే పేరు రాయండి. అది ఒక పువ్వు కాసిందా, గుత్తి కాసిందా, కాడ ఉబ్బిందా, మీ అమ్మనడిగి పక్కన రాయండి. మొదటి వరసలో జీడిపిక్క అని నేనే రాసి పెట్టాను.

ఇట్లు,
తొమ్మిదవ తరగతి విద్యార్థిని