కరకరలాడే ప్రేమలేఖలు

ప్రేమలేఖ అనగానే మీకు 1984లో జంధ్యాల గారు తీసిన 'శ్రీవారికి ప్రేమలేఖ' గుర్తొచ్చిందా? "ఇవాళ నీకు ప్రేమలేఖలు తినిపిస్తాను రా" అని పినాంగులో మిత్రుడు పిలిచినప్పుడు నాకూ అదే గుర్తొచ్చింది!

నిజానికి నేను మలేసియా వెళ్ళింది ఒక నీలిరంగు మేడ కోసం. 2018లో వచ్చిన 'క్రేజీ రిచ్ ఏషియన్స్'లో కథానాయిక, కాబోయే అత్తగారు ఎదురెదురుగా కూచుని మాజాంగ్ ఆడతారు చూడండీ, ఆ దృశ్యం తీసింది జార్జిటౌన్‌లోని ఆ మేడలోనే. చూశాను, ఫొటోలు తీశాను. అంతే. అసలు సినిమా మా మిత్రుడి పక్కింటి పెరట్లో ఆడింది.

మిత్రుడి ముత్తాతలు బాగన్ దాతుక్ కొబ్బరి తోటల్లో పనికొచ్చిన తెలుగువారు. పక్కింటివాళ్ళు చైనీయులు. 2025లో వాళ్ళ కొత్త సంవత్సరం జనవరి 29న వచ్చింది. నేను వెళ్ళింది మన సంక్రాంతి అయిన వారానికి. వంటింట్లో కోడలు అనాసపండు ముద్ద పెట్టిన బిస్కట్లు ఓవెన్‌లో కాలుస్తోంది. వాళ్ళ హోక్కియన్ భాషలో అనాసని 'ఓంగ్ లాయ్' అంటారు. అదే మాట 'అదృష్టం వస్తోంది' అన్నట్టు కూడా వినిపిస్తుందట. ఇంక చెయ్యకుండా ఉంటారా?

పెరట్లో బొగ్గుల పొయ్యి దగ్గర మామ్మగారు. అందరూ 'ఆమా' అంటారు. ఎనభైకి దగ్గర పడ్డ మనిషి. చేతిలో పట్టకారులాంటి పొడుగు కాడల అచ్చు. దాని రెండు ఇనప పలకల మీదా పూలూ పిట్టలూ చెక్కి ఉన్నాయి. బియ్యప్పిండి, పంచదార, గుడ్లు, చిక్కటి కొబ్బరిపాలు జారుగా కలిపి, కాలిన పలక మీద గరిటెడు పోసి మూస్తారు. బయటికి పొంగిన అంచు చాకుతో గీకేసి నిప్పుల మీద తిప్పుతారు. తీసీ తీయగానే నాలుగు మడతలు వెయ్యాలి. ఒకటి, రెండు, మూడు అనేలోగా పడకపోతే ఫెళ్ళున విరుగుతుంది. అదీ ప్రేమలేఖ! మలయాలో కువే కపిత్. పూర్వం ప్రేమికులు వీటిలో చీటీలు దాచి పంపుకునేవారట. నిజమో కాదో గానీ మన సినిమా రచయితలకెవరికీ తట్టలేదు సుమండీ.

ఆ ఏడు ఆమా వేళ్ళ కణుపులు వాచి మడత పడటం లేదు. "బజార్లో డబ్బాలు అమ్ముతున్నారు కదా" అంది కోడలు. ఆమాకి వినపడలేదు, లేదా వినపడనట్టు ఊరుకుంది. మడిచే పని నా మీద పడింది. మొదటి ఇరవై విరగ్గొట్టాను. పిల్లలు మాత్రం ఎంతో సంతోషించారు. నా వేళ్ళు బొబ్బలెక్కాయి.

ఒక్క డబ్బా దగ్గర మాత్రం ఆమా నన్ను పక్కకి జరిపింది. అది ఆస్ట్రేలియాలో ఉన్న పెద్దకొడుకుది. పండక్కి రావటం లేదని పొద్దున్నే ఫోన్ చేశాడు. ఒక్కొక్కటే మడిచింది. విరిగింది పక్కన పెట్టి మళ్ళీ పిండి పోసింది. గంటసేపటికి పదకొండు నిలిచాయి. భోజనానికి రమ్మని ఎవరూ పిలవలేదు.

నా సంచీలోని అరిసెలు ఇచ్చాను. కొరికి, మిత్రుడితో ఏదో అంది.

"మీ అమ్మ చేసిందా అని అడుగుతోంది."

మోకాళ్ళ నొప్పులతో మా అమ్మ అరిసెలు వండి మూడేళ్ళయింది. అవి తణుకులో కొన్నవి. "అవును" అనేశాను. "అయితే ఇది మీ అమ్మకి" అంటూ ఆమా నా చేతిలో ఇంకో డబ్బా పెట్టింది.

ఇంటికొచ్చాక అమ్మ ఒకటి తీసి, వెలుతురికి పట్టి పిట్టబొమ్మ చూసింది. చిన్న ముక్క విరుచుకుంది.

"బియ్యప్పిండీ, కొబ్బరిపాలూ. బాగా చేసింది. ఆవిడకేం ఇచ్చావురా?"

"అరిసెలు."

"కొన్నవని చెప్పావా?"

నేను ఇంకో ప్రేమలేఖ నోట్లో వేసుకున్నాను.