శ్రీశైలపు దారిలో

యాత్రనుగూర్చి వ్రాయువారు క్షేత్రమహిమతో నారంభింతురు. నేను మా కారులోని యొక తీగతో నారంభింపవలసియున్నది. ఏలయన, ఆ తీగ మమ్ము దారిలో నిలిపినందుననే నల్లమల యడవిని నేను నిలిచి చూచితిని.

కార్తికమాసమున మా అత్తగారు శ్రీశైలశిఖరమును మఱియొకసారి చూడవలెనని కోరిరి. ఆమెకు మోకాళ్లనొప్పులు, బస్సెక్కలేరు. మా మామగారు కొన్న పాతకారు ఇంటనున్నది. ఆ దంపతులు పూర్వము దానిలోనే ఈ యాత్ర చేసియుండిరి. ఇంజను తీగలు పెళుసెక్కినవనియు, వానిని మార్పింపవలెననియు మెకానిక్కు వేసవిలోనే చెప్పెను. అందులకై మావారు దాచిన సొమ్మును దసరాకు అమ్మాయి పట్టులంగాకు వెచ్చించినది నేనే. "నడచుచున్న బండికి తీగలేల?" అంటిని. మావారు మాఱుపలుకలేదు.

పలకలకు పేరుపొందిన మార్కాపురమున పండ్రెండు గంటలకు బయలుదేరి పెద్దదోర్నాల చేరితిమి. అచటినుండి శ్రీశైలమునకు సుమారు 50 కిలోమీటర్ల అడవిదారి. ఇది పులుల యభయారణ్యము గనుక రాత్రి 9 గంటలు మొదలు ఉదయము 6 వఱకు వాహనములను విడువరు. ఇరుప్రక్కల టేకుచెట్లు, వెదురుపొదలు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్యచరిత్రమున పర్వతప్రకరణమను భాగమునే ఈ క్షేత్రమునకు కేటాయించెను. ఆనాటి భక్తులు కాలినడకను పడుచు లేచుచు పోయిన కొండలను మేము కూర్చుండి దాటుచున్నామని నాలో కొంత గర్వము గలిగెను.

ఆ గర్వ మొక మలుపు వఱకే. ఎగువదారిలో ఇంజను రెండుమార్లు దగ్గి ఆగిపోయెను. కాలిన వాసన, బానెట్టు సందున సన్నని పొగ. మావారు వెంటనే తాళముచెవి త్రిప్పివేసి మమ్ము దింపిరి. ఫోనుకు సిగ్నలు లేదు. అత్తగారు రాతిపై కూర్చుండి, "శిఖరము కనబడకున్న నేమి, ఇదియు ఆయన కొండయే" అనిరి. ఆ మాట నాకు శూలమై తగిలెను. పట్టులంగా సంగతి ఆమెకు తెలియదు.

అరగంటకు యాత్రికులను దింపి మరలివచ్చుచున్న జీపు డ్రైవరొకడు ఆగెను. అతడు మొట్టమొదట బ్యాటరీ తీగ నూడదీసి, పిమ్మటనే లోపల చేయిపెట్టెను. కాయిలునకు పోవు తీగ పొగగొట్టమునకు దాపుననున్నది. వేలు తగిలినంతనే దాని తొడుగు ఉల్లిపొట్టువలె రాలెను. ప్లాస్టిక్కును మెత్తగా నుంచు పదార్థము ఏండ్లతరబడి వేడికి హరించిపోవును. పిమ్మట కదిలిన చోటనెల్ల పగులును. బయటపడిన రాగి ఇనుపపట్టీని తాకుటచే విద్యుత్తు కాయిలునకు చేరక ఇనుములోనికే పోవుచుండెను. నిప్పురవ్వ లేక ఇంజను ఆగినది.

"అమ్మా, రాగి బాగానే ఉంది. పై తొడుగే చచ్చిపోయింది" అనెను.

రెండువైపుల మెత్తని తొడుగు దొరకువఱకు అతడు తీగను కోసివేసెను. తన పెట్టెలోని క్రొత్తతీగను, పాతదాని లావే గలదానిని, ఏరి తీసెను. సన్నతీగ వేసినచో వేడెక్కి మరల కాలునట. కొనలు అంగుళము మేర ఒలిచి, గట్టిగా పురిపెట్టి, ఒక్కొక్క అతుకును టేపుతో వేఱువేఱుగా చుట్టెను. ఆ తీగను పొగగొట్టమునకు దూరముగా నడపి కట్టుటకు దారము కావలసివచ్చెను. దేవునికి మాలకట్ట తెచ్చిన దారపుటుండ నిచ్చితిని. బ్యాటరీ తగిలింపగనే ఇంజను పలికెను. వైరు, టేపు వెల మాత్రమే పుచ్చుకొని, "మిగతా వైర్లూ ఇంతే. లైట్ల అవసరం రాకుండా వెలుగుండగానే చేరండి" అని అతడు వెడలెను.

శిఖరేశ్వరము చేరునప్పటికి ఇంకను వెలుతురున్నది. శిఖరమును చూచినవారికి పునర్జన్మ లేదని పెద్దలు చెప్పుదురు. నంది కొమ్ముల నడుమనుండి అత్తగారు చాలసేపు చూచిరి. నేను ఆగలేక లంగా సంగతి చెప్పివేసితిని.

ఆమె నవ్విరి. "మీ మామగారును ఒకయేడు దీని టైర్లసొమ్ముతో నాకు ముక్కుపుడక కొనిరి. ఈ కొండమీదనే టైరు పగిలి రెండుగంటలు కూర్చుంటిమి. పుడక చూడుమా, ఇంకను ఉన్నది. టైరునకు మాత్రము ఆ వారమే సొమ్ము పుట్టినది" అనిరి.

మరునాడు భ్రమరాంబామల్లికార్జునులకు విడిపూలే సమర్పించితిమి. ఇల్లు చేరిన వారమునకే తీగలన్నియు మార్పించితిమి. సొమ్ము నా గాజులపెట్టెలోనిదే. సోదరీమణులారా, మీ యింట పాతబండియున్నచో, కాలిన వాసన తగిలిననాడే మెకానిక్కును పిలిపింపుడు. పొగ కనబడినచో ముందు తాళముచెవి త్రిప్పివేసి దూరముగా నిలువుడు. లంగా దీపావళికైనను కుట్టింపవచ్చును.