ఆ ఇద్దరూ లేకుండానా... వద్దు!

ఆడినవి తొమ్మిది మ్యాచ్‌లు. గెలిచినవీ తొమ్మిదే. అయినా చివరికి ఆ జట్టుకు దక్కింది... ఏమీ లేదు! కప్పు లేదు, ఊరేగింపు లేదు. ఆ తర్వాత అసలు జట్టే లేదు.

1951లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు కథ ఇది. దాని పేరు 'డాన్స్'. గెలిచినవాళ్ల కథలు నేను చాలా చదివాను, కొన్ని రాశాను కూడా. వాటిలో సగం ఇప్పుడు గుర్తులేవు. ఇది మాత్రం మనసులో ఉండిపోయింది.

అక్కడ ఫుట్‌బాల్ అంటే మనం కాలితో తన్నే ఆట కాదు. కోలగా ఉండే బంతిని చేతుల్లో ఇరికించుకుని, అడ్డొచ్చినవాళ్లను తోసుకుంటూ పరుగెత్తే ఆట. రెండో ప్రపంచయుద్ధం ముగిసి, సైనికులు ప్రభుత్వ సాయంతో మళ్లీ కాలేజీల బాట పట్టిన రోజులవి. డాన్స్ జట్టులోని జీనో మార్చెట్టి కూడా అలా యుద్ధం చూసొచ్చినవాడే.

కోచ్ జో కుహారిచ్. చేతిలో బంతి పడితే చాలు చిరుతలా దూసుకుపోయే ఆలీ మాట్సన్ జట్టుకు ప్రాణం. ఆ ఏడాది అతను పరుగెత్తిన దూరం 1,566 గజాలు. దేశం మొత్తమ్మీద కాలేజీ ఆటగాళ్లలో అతనే మొదటివాడు. న్యూయార్క్ వెళ్లి ఫోర్డ్‌హామ్ జట్టును 32-26తో ఓడించారు. బలమైన పసిఫిక్ కాలేజీని 47-14తో చిత్తుచేశారు. ఆఖరి మ్యాచ్‌లో లయోలాపైనా గెలిచారు. ఇక మిగిలింది 'బౌల్' పిలుపే.

సీజన్ ముగిశాక కొత్త సంవత్సరం రోజుల్లో జరిగే ప్రతిష్ఠాత్మక మ్యాచ్‌లను బౌల్స్ అంటారు. అర్హత ఒక్కటే చాలదు, నిర్వాహకులు పిలవాలి. పిలిస్తే పేరూ వస్తుంది, డబ్బూ వస్తుంది. అసలే నష్టాల్లో ఉన్న డాన్స్ జట్టుకు ఆ డబ్బు ఎంతో అవసరం.

అయితే వాటిలో చాలా బౌల్స్ జరిగేది దక్షిణాది రాష్ట్రాల్లో. అక్కడ నల్లవాళ్లకు బస్సులో సీటు వేరు, బడి వేరు, మంచినీళ్ల కుళాయీ వేరు. డాన్స్‌లో నల్లజాతి ఆటగాళ్లు ఇద్దరు... మాట్సన్, బర్ల్ టోలర్. ఆ ఇద్దరినీ ఇంటిదగ్గర వదిలేసి వస్తే పిలుపు ఖాయమన్న సంగతి కోచ్ జట్టుకు చెప్పాడని ఆటగాళ్లు తర్వాత్తర్వాత గుర్తుచేసుకున్నారు. బలమైన జట్లతో ఆడలేదన్నది బయటకు వినిపించిన కారణం.

జట్టు మాత్రం లెక్కలేసుకోలేదు. ఆ ఇద్దరూ లేకుండానా... వద్దు అంది. అంతే!

నన్ను ఆలోచనలో పడేసింది ఆ తర్వాత జరిగింది. మంచి పని చేస్తే వెంటనే మంచే జరుగుతుందని పిల్లలకు కథలు చెబుతుంటాం కదా. ఇక్కడ అలా జరగలేదు. బౌల్ రాలేదు, డబ్బు రాలేదు. ఆ సీజన్ తర్వాత యూనివర్సిటీ జట్టునే రద్దుచేసింది. ఇరవయ్యేళ్ల కుర్రాళ్లు కట్టిన మూల్యమది.

కానీ ఆ కుర్రాళ్లు ఆగిపోలేదు. మాట్సన్ 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం, రిలేలో రజతం గెలిచాడు. అతనూ, మార్చెట్టీ, బాబ్ సెయింట్‌క్లెయిర్... ఒకే కాలేజీ జట్టు నుంచి ముగ్గురు ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ 'హాల్ ఆఫ్ ఫేమ్'లో చేరారు. జట్టు వార్తలు పత్రికలకు పంపే పీట్ రొజెల్ అయితే ప్రొఫెషనల్ లీగ్ 'ఎన్ఎఫ్ఎల్'కు కమిషనర్ అయ్యాడు.

నాకు అందరికన్నా ఎక్కువ నచ్చింది టోలర్. 1952లో మోకాలి గాయంతో అతని ఆట ఆగిపోయింది. కుంగిపోలేదు. టీచరయ్యాడు, శాన్‌ఫ్రాన్సిస్కోలో ప్రిన్సిపాల్ అయ్యాడు. 1965లో ఎన్ఎఫ్ఎల్ తొలి నల్లజాతి మ్యాచ్ అధికారిగా నియమితుడయ్యాడు. ఎవరిని మైదానం బయట వదిలేసి రమ్మన్నారో, ఆయనే మైదానం మధ్యలో నిలబడి తప్పొప్పులు తేల్చాడు!

ఇలాంటి పిలుపులు ఆటల్లోనే వస్తాయా? 'మీరు రండి, ఆయన్ను మాత్రం తీసుకురాకండి' అనే మాట పెళ్లిళ్ల దగ్గరా, ఆఫీసు పార్టీల దగ్గరా మనకూ వినిపిస్తుంది. సూటిగా అనరు, సున్నితంగా చెబుతారు. మనం కూడా సున్నితంగానే సర్దుకుపోతాం... 'ఒక్కరోజే కదా, ఆయనేమీ అనుకోడులే' అని. ఆయన అనుకుంటాడు. బయటకు చెప్పడు, అంతే.

2006లో యూనివర్సిటీ ఆ జట్టును గౌరవ డాక్టరేట్లతో సత్కరించింది. అప్పటికి 55 ఏళ్లు గడిచాయి. టోలర్ 2009లో, మాట్సన్ 2011లో కన్నుమూశారు. ఆ ఏడాది ఏ బౌల్‌లో ఎవరు గెలిచారో ఇప్పుడు ఎంతమందికి తెలుసు? ఆడకుండా ఉండిపోయిన జట్టు గురించి మాత్రం, ఇంతదూరంలో కూర్చుని మనం చెప్పుకుంటున్నాం.