మన పొరుగు కొండ – విశ్వం పుట్టుక

పిల్లలు ఏ విషయం మీద ఇష్టం చూపించినా మనం మొదట అడిగే ప్రశ్న ఒకటుంది: "దానివల్ల ఉపయోగం ఏమిటి?" అందులో వింతేమీ లేదు. రెండు సూట్‌కేసులతో ఈ దేశంలో దిగినవాళ్ళం. ఉపయోగపడే చదువే మనల్ని న్యూజెర్సీ దాకా తీసుకొచ్చింది. అయితే ఆ ప్రశ్నకు లొంగని విషయాలు కూడా కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకటి మన పొరుగునే ఉంది.

హోల్మ్‌డెల్‌లో క్రాఫర్డ్ హిల్ అనే కొండ మీద పెద్ద కొమ్ముబూరలాంటి యాంటెన్నా ఉంది. దాని నోరు 20 అడుగులు. ఎకో అనే బెలూన్ ఉపగ్రహం నుంచి తిరిగివచ్చే రేడియో తరంగాలను అందుకోవడానికి బెల్ ల్యాబ్స్ వారు 1959లో దాన్ని కట్టారు. 1964లో ఆర్నో పెన్జియాస్, రాబర్ట్ విల్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దానితో ఆకాశాన్ని కొలవబోతే ఒక సన్నని రొద అడ్డు వచ్చింది. ఏ దిక్కుకు తిప్పినా అదే రొద. పగలూ రాత్రీ తేడా లేదు, ఎండాకాలం చలికాలం తేడా లేదు. లోపల గూడు పెట్టిన పావురాల వల్లనేమోనని వాటిని పట్టి దూరంగా పంపించారు, రెట్టలు శుభ్రంగా తుడిచారు. అయినా రొద పోలేదు.

అదే సమయంలో ప్రిన్స్‌టన్‌లో రాబర్ట్ డికీ బృందం సరిగ్గా అలాంటి సంకేతం కోసమే పరికరం తయారు చేసుకుంటోంది. విశ్వం ఒకప్పుడు మహా వేడిగా ఉండి ఉంటే, ఆ వేడి తాలూకు శేషం ఇప్పటికీ అన్ని దిక్కులా మిగిలి ఉండాలని వారి లెక్క. ఒక ఫోన్ కాల్‌తో రెండు చోట్ల పని ఒక్కటైంది. 1965లో ఫలితాలు అచ్చయ్యాయి. పెన్జియాస్, విల్సన్‌లకు 1978లో నోబెల్ బహుమతి వచ్చింది. విశ్వం పుట్టిన సుమారు 3 లక్షల 80 వేల ఏళ్ళకు బయలుదేరిన ఆ వెలుగును తర్వాత ఉపగ్రహాలు ఇంకా నిశితంగా కొలిచాయి. విశ్వం వయసు సుమారు 1380 కోట్ల ఏళ్ళని ఈనాడు చెప్పగలుగుతున్నామంటే అందులో వాటి పాత్ర ఎంతో ఉంది.

మా బడి తల్లిదండ్రుల మధ్య ఈ మాట వచ్చినప్పుడు వాదన గట్టిగానే జరిగింది. 2021లో పైకి వెళ్ళిన జేమ్స్ వెబ్ టెలిస్కోపుకు సుమారు 1000 కోట్ల డాలర్లు అయ్యాయి. పన్ను కట్టేవాళ్ళం, అడిగే హక్కు మాకుందని కొందరన్నారు. నక్షత్రాల పరిశోధనలో పుట్టిన లెక్కలు తర్వాత వైఫైకి పనికొచ్చాయి కదా అని మరికొందరన్నారు. అది నిజమే. కానీ మాకు ఆ జవాబు చాలలేదు. వైఫై రాకపోయి ఉంటే ఆ వెతుకులాట వృథా అయ్యేదా?

అసలు జవాబు మా బడిలోనే దొరికింది. శనివారం పొద్దున్నే కార్టూన్లు మానిపించి పిల్లలను గుణింతాలకు తీసుకొస్తాం. "తెలుగు నేర్చుకుంటే ఏం వస్తుంది?" అని వాళ్ళూ అడుగుతారు. ఉద్యోగం వస్తుందని మేము చెప్పం. ఎక్కడినుంచి వచ్చామో తెలియాలి అని చెబుతాం. పిల్లలకు అలా చెప్పే మేము, అదే పని చేసే శాస్త్రవేత్తను మాత్రం లాభనష్టాల లెక్క ఎలా అడగగలం? తాతల ఊరు దాటి ఇంకా వెనక్కి, అందరి పుట్టిల్లు దాకా వెళ్ళడమే ఆయన చేసే పని. మనం తాగే నీళ్ళలోని హైడ్రోజన్ ఆ తొలి నిమిషాల నాటిదే!

పెన్జియాస్ కూడా వలస వచ్చిన ఇంటి బిడ్డే. 1933లో మ్యూనిక్‌లో పుట్టారు. నాజీల బారినుంచి తప్పించడానికి తల్లిదండ్రులు ఆరేళ్ళ వయసులో తమ్ముడితోపాటు రైలెక్కించి ఇంగ్లండు పంపారు. 1940లో ఆ కుటుంబం న్యూయార్క్ చేరింది. సొంత ఊరు పోగొట్టుకున్న ఆ పిల్లవాడే పెద్దయ్యాక విశ్వం పుట్టుక జాడను విన్నాడు.

ఆ కొండ మీద ఇళ్ళు కట్టే ఆలోచన వచ్చినప్పుడు స్థానికులు సంతకాలు సేకరించి పోరాడారు. 2023లో టౌన్‌షిప్ ఆ స్థలాన్ని పార్కుగా కాపాడాలని నిర్ణయించింది. పిల్లలూ, ఒక ఆదివారం అమ్మానాన్నలను అడిగి వెళ్ళి చూడండి. మీలో ఎవరైనా ఆకాశం చదువుతానంటే, ఉపయోగం ఏమిటని అడిగే ముందు ఒక్క నిమిషం ఆగుతామని మేము మాట ఇస్తున్నాం.